సోబ్‌చాక్ వాళ్ళ ఇంటి వెనక కిటికీ

ఖాళీ ఇళ్ళ తలుపులూ కిటికీలూ మూసే పనిచేసే బెర్నడీన్ కోస్మాలా పోరాడి సాధించిన మొదటి గెలుపు ఒక నేలమాళిగ కిటికీ. పగిలిన ఆ కిటికీకి ప్లైవుడ్ కొట్టిన ఖర్చు అడిగితే, బ్యాంకు జప్తు చేసిన ఇళ్ళు చూసే కంపెనీ వాళ్ళు మళ్ళీమళ్ళీ తిప్పికొట్టారు. పగిలినప్పటి ఫోటో ఏదన్నారు. ఆమె ముందు మూసింది, తర్వాత ఫోటో తీసింది. పక్కింటివాళ్ళ భయం తెలిసినవాళ్ళు చేసే పొరపాటే అది. చివరికి కొట్టిన పలక ఊడదీసి, ఫోటో తీసి, మళ్ళీ కొట్టి, ఖర్చు రాబట్టింది. ఆ కంపెనీ కాదన్నదాన్ని ఔననిపించిన మనిషి క్లీవ్‌లాండ్‌లో మా పేటలో అంతకుముందు లేరు.

ఆ తర్వాత ఆమెకు తిరుగులేదు. ఆమె తాళం మార్చిన తలుపు చలికాలం దాటేదాకా కదలలేదు. చలికి గడ్డకట్టకుండా ఆమె గొట్టాల్లో నీళ్ళు దించి వచ్చిన ఇంట్లో గొట్టం పగిలిందన్న మాట ఎవరి నోటా రాలేదు. మగవాళ్ళు చేతులెత్తేసిన మూలమీది కాలిన ఇంటిని ఒక్కతే మూసి వచ్చింది.

ఈ ఫిబ్రవరిలో సోబ్‌చాక్ వాళ్ళ ఖాళీ ఇల్లు ఆమెకు అప్పగించారు. దాని పక్కనే, చెయ్యి చాపితే అందేంత దూరంలో, ఉక్కు మిల్లులో పనిచేసి రిటైరైన ముసలాయన టాలివర్ ఇల్లు. రెండూ కర్ర ఇళ్ళే. రాగి గొట్టాల దొంగలు దూరి చలికి నిప్పు రాజేస్తే రెండూ పోతాయి.

"ఆ వెనక కిటికీ మూసెయ్యమ్మా బెర్నీ," అన్నాడాయన, బీన్స్ గిన్నె ఆమె ముందు పెడుతూ.

"అద్దం బాగానే ఉంది పెద్దాయనా. పగిలినదానికే ఖర్చిస్తారు. బాగున్నదానికి అనుమతి లేకుండా మేకు దిగిందంటే నా పని ఊడుతుంది."

"అంతేనా? నా చేతిలో ఇంకా బలముంది. ఓ రాయి విసురుతా."

"విసురు. అద్దం పగలగొట్టింది నువ్వు, ఫోటో కింద సంతకం నాది. నాకు అబద్ధం అంటగట్టి నువ్వు హాయిగా పడుకుంటావా?"

"ఈ వయసులో పడుకున్నా నిద్రెక్కడ పడుతుందిలే," అన్నాడు గాని, రాయి మాట మళ్ళీ ఎత్తలేదు.

బీన్స్ ముగించి ఆమె వెళ్ళి ఆ కిటికీ చూసింది. అద్దం బాగుంది, గడియ మాత్రం విరిగింది. బయటినుంచి వేలితో తోస్తే పైకి లేచింది. ఆ తోస్తున్న వేలినే ఫోటో తీసి, ఎవరైనా దూరగల కిటికీ తెరిచి ఉన్నట్టే లెక్క అని రాసి, కంపెనీని అనుమతి అడిగింది. అడిగి, లోపలినుంచి చీపురుకర్ర ముక్క ఒకటి అడ్డుపెట్టింది. దానికి ఎవరి అనుమతీ అక్కర్లేదు.

"కర్ర ఎన్నాళ్ళు ఆగుతుందీ?" అన్నాడు టాలివర్.

"నీలా మొండిదైతే చాన్నాళ్ళు ఆగుతుంది."

జవాబు వచ్చేలోగా ఆమె మోకాలి ఆపరేషన్ తేదీ వచ్చింది. కోసి ఉంచిన పలకను టాలివర్ గరాజ్‌లో నిలబెట్టి, ఆమె ఈరీ ఊళ్ళో చెల్లెలి దగ్గరికి వెళ్ళింది. వెళ్ళిన వారానికే అనుమతి వచ్చింది. మేకు కొట్టే హక్కు మాత్రం ఆమె ఒక్కదానిదే. ఇంకొకరు కొడితే ఖర్చూ రాదు, పేరూ ఉండదు.

టాలివర్ రోజూ పొద్దున్నే కోటు తొడుక్కుని వెళ్ళి ఆ కిటికీని బయటినుంచి తోసి చూస్తున్నాడు. కర్ర కదల్లేదు. దారిన పోయేవాళ్ళు అడిగితే ఒకటే చెబుతున్నాడు: బెర్నీ వచ్చేది మార్చి ఎనిమిది, సోమవారం.