జున్ను కాళ్లు కడిగినవా?

ఒకప్పుడు మేం నోవైలో ఉన్నప్పటి మా ఎదురింటి ఆంటీ పోయారు. పోయిన శుక్రవారం పొద్దున అంకుల్ ఫోన్ చేసి, "నిద్రల్నే పోయింది బిడ్డా, బాధ పడలే" అన్నారు. నా కాళ్ల దగ్గర పడుకున్న జున్ను తలెత్తి నన్ను చూసి, మళ్లీ పడుకుంది. జున్ను మా కుక్క. అది ఇంకా మా ఇంట్లో ఉందంటే ఆంటీ వల్లే. ఆ సంగతి నలుగురికీ చెప్పాలనిపించి ఇది రాస్తున్నాను.

అది 2009 చలికాలం. కార్ల కంపెనీల్లో వరసగా ఉద్యోగాలు పోతున్న రోజులు. మా అపార్ట్‌మెంట్స్‌లోనే ఉండే స్నేహితులు ఉన్నపళంగా ఇండియా వెళ్లిపోవాల్సి వచ్చి, తమ కుక్కని మాకు అప్పగించారు. షెల్టీ అనే పొడుగు జుట్టు జాతిది. ప్రయాణం హడావిడిలో దాన్ని దువ్వే తీరిక ఎవరికీ లేక, చెవుల వెనకా పొట్ట కిందా జుట్టు జడలు కట్టి అట్టలా బిగిసిపోయింది. చెయ్యి వేస్తే గుర్రుమనేది. కుక్కలకి జుట్టు కత్తిరించే షాపుకి తీసుకెళితే, అక్కడి అమ్మాయి ఒళ్లంతా గొరిగెయ్యడం తప్ప దారి లేదంది.

"ఈ చలిలో గుండు కొట్టిస్తే అది బతుకుతుందా? మనవల్ల కాదు. శనివారం కుక్కల షెల్టర్‌లో ఇచ్చేద్దాం," అన్నాడు మా ఆయన.

ఆయన ఉద్యోగమే ఉంటుందో ఊడుతుందో తెలియదు. నా వీసా మీద నేను పనిచేయడానికి లేదు. ఎదురు చెప్పలేకపోయాను. కానీ పగలంతా ఆ ఇంట్లో నాకు తోడున్న ప్రాణి అదొక్కటే.

ఆ వారంలోనే ఓ మధ్యాహ్నం బయటికి తీసుకెళితే, జున్ను పార్కింగ్ లాట్ మధ్యలో కూలబడింది. వేళ్ల సందుల్లోని జుట్టుకి మంచు ఉండలు కట్టి, రాళ్లలా గట్టిపడింది. వంగి వాటిని లాగబోయాను.

"అయ్యో, గుంజకు బిడ్డా! గుంజకు!"

ఎర్ర కోటు వేసుకున్న ఓ పెద్దావిడ రోడ్డు దాటి, జారుతూ జారుతూ వచ్చారు. అంతకుముందు ముఖపరిచయమే తప్ప మాటల్లేవు. చేతి తొడుగులు తీసి జేబులో కుక్కుకుని, ఆ మంచులోనే చతికిలబడి, జున్ను పాదాన్ని రెండు అరచేతుల మధ్య పెట్టుకున్నారు. ఉండ కరిగి నీళ్లు కారేదాకా వదల్లేదు. నాకు ఏడుపొచ్చేసింది.

"నువ్వెందుకు ఏడుస్తున్నవ్?"

"శనివారం దీన్ని షెల్టర్‌కి ఇచ్చేస్తున్నాం ఆంటీ. మొత్తం గొరిగెయ్యాలంట."

ఆవిడ జున్ను చెవుల వెనక వేళ్లు పోనిచ్చి తడిమారు. "విప్పొచ్చు. ఒకటో రెండో కత్తిరించాలె, అంతే. శనివారం దాక టైమున్నది గదా, రేపటి సంది మా ఇంటికి తీస్కరా."

పిల్లలు అడిగారని తెచ్చిన కుక్క, వాళ్లు కాలేజీలకి వెళ్లిపోయాక ఆంటీ పాలబడిందట. ఆ తర్వాత కుక్క లేకుండా ఆ ఇల్లు ఎప్పుడూ లేదు. అప్పుడున్నది తెల్లటి పెద్ద బొచ్చుకుక్క. దాని ఒంటి మీద ఒక్క చిక్కు ఉండేది కాదు. మర్నాటి నుంచి వాళ్ల వంటింట్లో నేల మీద కూర్చుని జున్నుని ఒళ్లో పెట్టుకునేవాళ్లం. ముడి మీద చిటికెడు కార్న్‌ఫ్లోర్ చల్లి, ఆంటీ వేళ్లతోనే పాయలు విడదీసేవారు. ఆ తర్వాతే దువ్వెన.

"నీ జడ ఎట్ల దువ్వుకుంటవ్? కొసల నుంచి గదా? ఇదీ గంతే. తడి ఉంటే మాత్రం ముట్టకు. తడిసిన ముడి ఇంకింత బిగుస్తది."

ఒకసారి నొప్పికి ఓర్చుకోలేక జున్ను ఆవిడ బొటనవేలు కొరికింది. రక్తం వచ్చింది. నేను హడలిపోతే, ఆంటీ వేలు కుళాయి కింద పెట్టి నవ్వారు. "నొప్పైతే నోరుండి మనమే కరుస్తం. నోరు లేనిది, దాన్నేమంటం?"

ఇంకెన్ని ముడులున్నాయో అని నేను దిగులుపడితే, "అన్నీ ఒక్కపారే చూడకు. చేతిల ఉన్నదాన్ని చూడు," అనేవారు. ఆ మాట నాకు ఆ ఏడాదంతా పనికొచ్చింది. ఎండాకాలం రాకముందే మా ఆయన ఉద్యోగం పోయింది మరి.

శనివారం ఆయన జున్నుని తీసుకెళ్లడానికి ఆంటీ ఇంటికే వచ్చాడు. అప్పుడే మంచులో తిరిగొచ్చిన జున్ను కాళ్లని ఆంటీ గోరువెచ్చని నీళ్లతో కడుగుతున్నారు. తలెత్తకుండానే, "వచ్చినవా బాబూ? ఈ తువ్వాల పట్టు. రుద్దకు, రుద్దితే మళ్ల చిక్కులైతయ్. ఒత్తు, గట్లనే," అన్నారు. మా ఆయన షూ కూడా విప్పకుండా మోకాళ్ల మీద కూర్చుని, కాలు తర్వాత కాలు ఒత్తాడు. జున్ను ఆయన గడ్డం నాకింది. అంకుల్ టీ తెచ్చారు. షెల్టర్ మాట ఇంకెవరూ ఎత్తలేదు. చెవి వెనక ఒక్క ముడి మాత్రం కత్తిరించాల్సి వచ్చింది.

తర్వాత కొత్త ఉద్యోగం దొరికి మేం పార్సిప్పనీ వచ్చేశాం. న్యూజెర్సీలో మంచు పడుతుందని టీవీలో చెబితే చాలు, ఆంటీ నుంచి ఫోన్ వచ్చేది. హలో లేదు, బాగున్నావా లేదు.

"జున్ను కాళ్లు కడిగినవా? రోడ్ల మీద ఉప్పుంటది. వేళ్ల నడుమ జుట్టు కత్తిరించినవా? ఇంట్లకు రాంగనే దాని స్వెటర్ ఇడిపించు, రాపిడికి సంకల కింద చిక్కులు పడ్తయ్." అన్నీ అయ్యాక, "ఇగ చెప్పు, మీరు మంచిగున్నరా?" అనేవారు.

"ముందు మమ్మల్ని అడగొచ్చు కదా ఆంటీ!"

"మీకేమైంది, మీరు చెప్పుకుంటరు!"

కబురు తెలియగానే జున్నుని కార్లో వేసుకుని నోవై వెళ్లాం. అంత్యక్రియలు అయ్యాయి. వచ్చినవాళ్లందరూ వెళ్లిపోయాక, అంకుల్ అల్మారాలోంచి ఉల్లిపాయలొచ్చే వల సంచి ఒకటి తీశారు. దాన్నిండా ఆంటీ తన కుక్కని దువ్వినప్పుడు ఊడిన తెల్లటి జుట్టు.

"ఏటా మంచు కరగంగనే చెట్టుకు కట్టేది మీ ఆంటీ. పిట్టలు గూడు కట్టుకుంటయని. ఈసారి కట్టకముందే పాయె."

పెరట్లో సగం కరిగిన మంచులో నడిచి వెళ్లి, మోడుగా ఉన్న మేపుల్ కొమ్మకి ఆయనే కట్టి వచ్చారు. ముగ్గురం వంటింటి కిటికీ దగ్గర నిలబడ్డాం. చాలాసేపు ఏదీ రాలేదు. తర్వాత పిడికెడంత బూడిదరంగు పిట్ట ఒకటి వచ్చి, వలకి తలకిందులుగా వేలాడి, ముక్కు నిండా జుట్టు లాక్కుని, తెల్లటి బుర్రమీసాలతో కంచె మీద కూర్చుంది. మా వైపు ఒకసారి చూసి, మీసాలతో సహా ఎగిరిపోయింది.