ఎండ రాని బాల్కనీ

మా బాబాయికి ఏ పండు చూపించినా ముందు కత్తి అడుగుతాడు. తినడానికి కాదు, పల్చగా తరిగి ఎండబెట్టడానికి. ఆయన పెంచే రెండు సన్యాసి పీతలకి ఉప్పూ కారం తగలని ఎండు ముక్కలే పెట్టాలట. ఖాళీ గుల్లల్లో దూరి కాపురముండే ఆ జీవాలు నిమ్మకాయంత కూడా ఉండవు.

"పేరుకే సన్యాసులు, మర్యాదలు మాత్రం కొత్తల్లుళ్ళవి!" అని పిన్ని గొణుగుతుంది.

పోయిన వారం ఆవిడ ముచ్చటపడి బొప్పాయి కొనుక్కుంది.

"ఏమండీ, నా బొప్పాయేదీ?"

"సగం ఎండుతోంది."

"మిగతా సగం?"

"అదీ ఎండుతోంది. అది నీ సగం."

గడియారాలు బాగుచేసే చెయ్యి కనక బాబాయి తరిగిన ముక్కలోంచి అవతలి గోడ కనిపిస్తుంది. ఇంత పనితనమున్న మనిషి వాటిని దండలు గుచ్చి ఆరేసేది మాత్రం ఎండ పొడే సోకని వీధి బాల్కనీలో! సగానికి సగం బూజు పడతాయి.

"మేడమీద ఎండ మండిపోతోంది కదా బాబాయ్, అక్కడ పెట్టుకోరాదూ?" అని పక్క ఫ్లాట్‌లో ఉండే నేను పోరుతూనే ఉంటాను.

"కాకులురా."

మర్నాడు అడిగితే గాలి. ఆ మర్నాడు మోకాళ్ళు. చూసి చూసి పిన్ని ఓవెన్‌లో గలగలలాడేలా ఎండబెట్టి ఇచ్చింది. ఈ మహానుభావుడు ఆ ఎండిన ముక్కల్నే తీసుకెళ్ళి మళ్ళీ బాల్కనీలో ఆరేశాడు! నాకు తల తిరిగిపోయింది.

మొన్న పొద్దున అపార్ట్‌మెంట్ సెక్రటరీ మార్కెట్ నుంచి సరాసరి కూరల సంచీతోనే వచ్చి నిలబడ్డాడు.

"వీధిలోంచి చూస్తే మన బిల్డింగ్ కూరల కొట్టులా ఉందండీ. ఆ దండలు ఇప్పుడే తీసెయ్యండి."

ఎవరితోనూ ఎదురు మాట్లాడని బాబాయి ఆయన చేతులు పట్టుకున్నాడు. "కాస్త ఆగండి బాబూ. ఆ వ్యాన్ వెళ్ళిపోనివ్వండి."

"ఏ వ్యానండీ?"

అంతలో వీధి మలుపులో స్కూలు వ్యాన్ నెమ్మదించింది. కిటికీలో ఒక చిన్న మొహం. మొన్నమొన్నటిదాకా కింద ఫ్లాట్‌లో ఉన్న పిల్ల! పీతలు అసలు దానివే. అమ్మానాన్నలవి ఊళ్ళు తిరిగే ఉద్యోగాలని దాన్ని హాస్టల్లో వేశారు. అక్కడ పీతల్ని రానివ్వరు. హాస్టల్ నుంచి స్కూలుకి ఈ వ్యాన్ రోజూ మా వీధిలోంచే వెళ్తుంది కానీ ఆగదు. "బాల్కనీలో దండ కనిపిస్తే నీ పీతలు శుభ్రంగా తింటున్నట్టే" అని బాబాయి మాటిచ్చాడట.

పిల్ల అద్దానికి రెండు వేళ్ళు ఆనించింది. బాబాయి రెండు వేళ్ళెత్తి ఊపాడు. పిల్ల మొహం విచ్చుకుంది. వ్యాన్ వెళ్ళిపోయింది.

"రెండెక్కడివి బాబాయ్? ఒకటి ఇసకలో దూరి మళ్ళీ పైకే రాలేదు కదా!"

"కుబుసం విడుస్తోందిరా, వచ్చేస్తుంది." ఆయన ఖాళీ వీధినే చూస్తున్నాడు. "ఆ పిల్ల వెళ్ళిందగ్గర్నుంచీ కింద ఫ్లాట్ బావురుమంటోందిరా. మెట్లమీద దాని అడుగుల చప్పుడు కోసం ఇప్పటికీ చెవులు రిక్కించుకునే ఉంటాను. ఒక్కరోజు ఆ వ్యాన్ ఇక్కడ ఆగితే ఎంత బాగుండు!"

సెక్రటరీ గొంతు సవరించుకున్నాడు.

"ఆ దండ కాస్త పైకి కట్టండి. చెట్టు కొమ్మ అడ్డొస్తోంది, పిల్లకి సగమే కనిపించి ఉంటుంది."

బాబాయి తల ఊపాడు. ఆ ఊపులోనే ఆయన చూపు సెక్రటరీ సంచీమీద పడింది.

"అందులో క్యారెట్లేమైనా ఉన్నాయాండీ?"

సెక్రటరీ సంచీ వెనక్కి దాచుకునేలోపే, "ఏమేవ్, కత్తి పట్రా!" అని బాబాయి లోపలికి కేకేశాడు.