రెండో సాక్షి బాబాయి

బాబాయి ఏ సంగతీ ఒక్క మనిషి మాట మీద నమ్మడు. ఇల్లు అంటుకుందని పిన్ని కేకేసినా, "ఇంకెవరు చూశారు?" అని అడిగి, పక్కింటివాళ్ళు కూడా అవునన్నాకే కుర్చీలోంచి లేచే రకం. అలాగని చెడ్డవాడు కాదు, ఎవరినీ పల్లెత్తు మాట అనడు. ఆయనతో కాపురం చేయాలంటే గదికో సాక్షిని జీతమిచ్చి పెట్టుకోవాలని పిన్ని మాత్రం వచ్చినవాళ్ళందరితో చెప్పుకునేది.

ఒకసారి పాలు పొంగిపోయాయని పిన్ని మొత్తుకుంటే, ఆయన తీరిగ్గా వంటింట్లోకి వచ్చి స్టవ్వు చూశాడు, గిన్నె చూశాడు, మూలనున్న పిల్లి మూతి కూడా పట్టి చూశాడు. చూసి, "పొంగినట్టే ఉంది" అని ఒప్పుకున్నాడు. తన పుట్టినరోజు ఎప్పుడంటే మాత్రం ఇప్పటికీ తేల్చి చెప్పడు. "నేను అక్కడున్న మాట నిజమే గానీ నాకు గుర్తులేదు. మా అమ్మ ఒక్కతే చెప్పింది" అంటాడు.

ఈ జబ్బు ఆయనకు పత్రికాఫీసులో పట్టుకుంది. సంపాదకుడిగా ఉన్నన్నాళ్ళూ, రెండో మనిషి చెప్పనిదే ఒక్క వార్త అచ్చుకు పంపలేదు. పోటీ పత్రికలో చచ్చిపోయినవాళ్ళు ఈయన పత్రికలో ఇంకో రోజు బతికేవారు. పోటీ పత్రిక అలా చంపేసిన ఒక పెద్దమనిషి నిజంగానే బతికుండి, చేతికర్ర ఊపుకుంటూ ఆఫీసుకొచ్చి, బాబాయికి దండం పెట్టి వెళ్ళాడట. దానికీ ఇద్దరు సాక్షులున్నారు. రెండో సాక్షి అన్న పేరు అక్కడే స్థిరపడింది.

పిన్ని అక్క కూతురు అదే ఊళ్ళో కాలేజీ హాస్టల్లో ఉండి చదువుకునేది. కిందటేడు చదువు మధ్యలో ఉండగా ఒకరోజు పెట్టె పట్టుకొని వచ్చి, హాస్టలు తిండి పడటం లేదు, ఇకనుంచి మీ ఇంట్లోనే ఉంటానంది. పిన్ని మారుమాటాడకుండా గది సర్దింది. బాబాయి మాత్రం తన ధోరణిలో, తిండి బాగాలేదని ఇంకెవరన్నారని అడిగాడు. ఆ అమ్మాయి తలొంచుకుంది. మర్నాడాయన పనిగట్టుకొని హాస్టలుకు వెళ్ళి, భోజనం చేసి, తిరిగొచ్చి మొహం చిట్లించాడు. "నిజమే. నోట్లో పెట్టుకోలేం" అన్నాడు. దాంతో ఇంట్లో ఆ ప్రస్తావన ముగిసిపోయింది. ఆమె స్నానాలగదిలోకి వెళ్ళి, కుళాయి తిప్పి, ఆ చప్పుడులో చాలాసేపు ఏడ్చింది.

ఎందుకంటే కారణం తిండి కాదు. ఒక సాయంత్రం, ల్యాబు వెనక స్టోరుగదిలో, ఒక సీనియరు ఆమెను బలాత్కరించాడు. అందరూ మంచివాడనే కుర్రాడు, ఇప్పటికీ అదే కాలేజీలో నవ్వుతూ తిరుగుతున్నాడు. అమ్మకు చెబితే చదువు మాన్పిస్తుంది. పిన్నికి చెబితే పిన్ని కడుపులో దాగదు, అమ్మకు చేరుతుంది. ఇక మిగిలింది బాబాయి. పాలు పొంగడానికే సాక్ష్యం కావాలన్న మనిషి దీనికేమంటాడు? ఆ గదిలో ఉన్నది ఇద్దరే. ఇంట్లో అందరూ ఆయన అలవాటు చెప్పుకొని నవ్వుతుంటే ఆమె కూడా నవ్వేది. నవ్వి, గదిలోకి వెళ్ళి పడుకునేది.

రిటైరయ్యాక బాబాయి ఒక నాటక సంఘం పెట్టాడు. సైకిళ్ళ షాపు మీది గదిలో రిహార్సల్స్. ఒక దర్జీ తెరపక్కన నిలబడి, మరిచిపోయిన మాటలు అందించేవాడు. గొంతు పెద్దది, చెవులు మందం, అందుకని నటులకంటే ముందు ప్రేక్షకులకే వినిపించేది. ఒక బ్యాంకు క్యాషియరుకు వేషమంటే ప్రాణం, అందులోనూ గడ్డం ఉన్న వేషమైతే ఇంటికి కూడా దాంతోనే వెళ్ళేవాడు. తెర పడిందా లేదా అని కూడా బాబాయి వాళ్ళిద్దరినీ విడివిడిగా అడిగేవాడు.

ఈసారి నాటకం ఆయన స్వయంగా రాశాడు. ఒక కాలేజీ అమ్మాయి తనకు జరిగిన అన్యాయం పత్రికవాళ్ళకు చెబుతుంది. ఇంకెవరైనా చూశారా అని సంపాదకుడు అడుగుతాడు, ఎవరూ లేరంటుంది. పోటీ పత్రిక ముందు వేసేస్తుందన్న తొందరలో ఆయన ఏమీ విచారించకుండానే అచ్చేస్తాడు. వార్తలో గది నంబరు తప్పు పడుతుంది. రెండో అంకంలో క్యాషియరు వేసే గడ్డం ప్రిన్సిపాలు వచ్చి, గది తప్పు కాబట్టి జరిగిందీ తప్పేనని తేల్చేస్తాడు. ఆ పిల్ల ఊరు విడిచి వెళ్ళిపోతుంది. సంపాదకుడి వేషం బాబాయిదే. అమ్మాయి వేషం వేయాల్సినావిడకు వేరే ఊళ్ళో ఉద్యోగం రావడంతో, ఇంట్లో ఉన్న పిల్ల మీద అందరి కళ్ళూ పడ్డాయి. కాదనాలంటే కారణం చెప్పాలి. చెప్పలేక ఒప్పుకుంది.

రోజూ సాయంత్రం బాబాయి తన మామూలు గొంతుతోనే, "ఇంకెవరైనా చూశారా?" అని అడిగేవాడు. రోజూ ఆమె, "ఎవరూ లేరు సార్" అనేది. ఆ రెండు మాటల కోసం పొద్దుటినుంచీ గుండె బిగబట్టుకొని ఉండేది. ఒకరోజు నోరు పెగల్లేదు. పెదవులు అదురుతూ నిలబడిపోయింది. దర్జీ ఆమె మాట పెద్దగా అందించాడు, మళ్ళీ అందించాడు. ఎంత బాగా నటిస్తోందో అని క్యాషియరు కళ్ళు తుడుచుకున్నాడు.

బాబాయి ఆమెను చూశాడు. అందరినీ టీ తాగి రమ్మని కిందికి పంపి, ఆమె ఎదురుగా కూర్చున్నాడు. ఏమీ అడగలేదు. ఆయన ఏమీ అడక్కుండా అంతసేపు కూర్చోవడం ఆమె ఎన్నడూ చూడలేదు. ఆ మౌనానికే ఆమె కరిగిపోయి, మొత్తం చెప్పేసింది. బాబాయి కళ్ళజోడు తీసి చేతిలో పట్టుకున్నాడు.

"అడగరేం బాబాయ్, ఇంకెవరు చూశారని?"

"నిన్నా? నిన్నెందుకడుగుతానమ్మా. నువ్వు చెప్పావు, నేను విన్నాను. రెండో మనిషిని వెతుక్కోవడం విన్నవాడి పని."

ఆమెకు అర్థం కాలేదు. ఆయన నిదానంగా చెప్పాడు. ఒక్క మనిషి మాట మీద వార్త వేస్తే, రేపు లోకం ఆ ఒక్క మనిషి మీదే పడుతుంది. ఆ బరువు పంచుకోవడానికి ఇంకొకరుంటే బాగుండునని అడుగుతాడు తప్ప నమ్మక కాదట. పాల సంగతి ఎత్తితే, అది వట్టి అలవాటని ఒప్పుకున్నాడు. "నువ్వు సరేనంటే వెళ్ళి వెతుకుతాను. వద్దంటే ఇది ఈ గది దాటదు. ఈ నాటకం కూడా మానేద్దాం."

ఆమె కొన్నాళ్ళు తటపటాయించింది. చివరికి ఒక ఉదయం కాఫీ ఇస్తూ, "వెతకండి బాబాయ్. నాటకం మాత్రం మానొద్దు" అంది.

ఇక చూడాలి ఆయన తిరుగుడు. ఆమె పేరు ఎక్కడా బయటపెట్టకుండా కాలేజీ తోటమాలిని అడిగాడు, ల్యాబు ఊడ్చే ఆవిణ్ణి అడిగాడు, గేటు దగ్గర సిగరెట్లమ్మే మనిషినీ వదల్లేదు. ఈయనకు మతి చలించిందని అక్కడ కొందరు నిర్ధారణకొచ్చారు. అందులో మాత్రం సాక్షులకు కొదవలేదు. అలా అడిగి అడిగి, ఒక మధ్యాహ్నం హాస్టలు వంటావిణ్ణి ఇంటికి తీసుకొచ్చాడు.

ఆ ఘోరం జరిగిన సాయంత్రం ఆవిడ కూరగాయల చెత్త పారబోయడానికి ల్యాబు వెనక్కి వెళ్ళిందట. ముందు ఈ అమ్మాయి ఏడుస్తూ పరిగెత్తడం, ఆ వెనక ఆ కుర్రాడు తాపీగా గదికి తాళం వేసుకొని పోవడం చూసింది. ఇన్నాళ్ళూ ఎందుకు చెప్పలేదంటే, ఎవరైనా వచ్చి అడుగుతారని చూశానమ్మా, ఎవరూ రాలేదంది. నేనే రావాల్సిందని కొంగుతో మొహం కప్పుకుంది. అమ్మాయి ఆవిడ చేతులు పట్టుకుంది. ఆ సాయంత్రం తనని ఒక మనిషి చూసిందన్న సంగతి ఇన్నాళ్ళకు తెలిసింది. భయంలో తాను ఒక్కతే కాదన్నట్టు అనిపించింది.

వెళ్తూ వెళ్తూ వంటావిడ బాబాయిని మెచ్చుకుంది. "కిందటేడు వచ్చి, కూర బాగుందని రెండుసార్లు వడ్డించుకున్నారు మీ బాబాయిగారు. అలా మెచ్చుకొని తిన్నవాళ్ళను నేను మర్చిపోను."

ఆమె బాబాయి వైపు చూసింది. ఆయన పేపరు అడ్డం పెట్టుకున్నాడు. బతుకంతా రుజువు లేని మాట అననివాడు, ఆ రోజు నోట్లో పెట్టుకోలేమని నిక్షేపంలాంటి అబద్ధమాడి, ఈ పిల్లను మరెవరూ ఏమీ అడక్కుండా చేశాడన్నమాట. ఏడాదిగా ఏదో ఉందని తెలిసీ, తానై చెప్పేదాకా ఆగాడు. ఆమెకు దుఃఖం పొంగుకొచ్చింది, ఈసారి కుళాయి తిప్పలేదు.

ప్రదర్శన నాడు హాలు నిండింది. మొదటి వరసలో పిన్ని, పక్కన వంటావిడ. ఆవిడకు నాటకం చూడటం అదే మొదలు. మర్నాడు కాలేజీలో ఫిర్యాదు చేసేటప్పుడు అడగ్గానే లేచి చెబితే చాలని బాబాయి ఆవిడకు నూరిపోసి ఉన్నాడు.

ఆ ఘట్టం వచ్చింది. అమ్మాయి తనకు జరిగింది చెప్పింది. ఇప్పుడు బాబాయి అడగాలి. ఆయన నోరు తెరిచాడు, మూశాడు. పెళ్ళాన్నీ పిల్లినీ ఊరందరినీ అడిగిన మాట, ఆ పిల్ల మొహంలోకి చూస్తూ అడగలేకపోయాడు. తెరపక్క దర్జీ అందించాడు. బాబాయి కదల్లేదు. దర్జీ గొంతు పెంచి, హాలు చివరిదాకా వినబడేలా, "ఇంకెవరైనా చూశారా?" అన్నాడు.

"వినబడిందయ్యా. నేనడగను" అన్నాడు బాబాయి తెరవైపు తిరిగి.

ఆమె నాటకంలో రాసి ఉన్న మాట చెప్పలేదు. గొంతు సవరించుకొని, "చూశారు సార్. మా హాస్టలు వంటావిడ చూసింది" అంది.

మొదటి వరసలో వంటావిడ గభాలున లేచి నిలబడి, చేతులు జోడించింది. "అవునండీ, నేను చూశాను."

కొత్త పద్ధతి నాటకమనుకొని జనం చప్పట్లు కొట్టారు. సాక్షి దొరికాక ఇక కథేముంది, రెండో అంకం మొత్తం గాలికి పోయింది. ఎవరో తెర దించారు.

లోపల క్యాషియరు గడ్డం అతికించుకొని సిద్ధంగా నిలబడి ఉన్నాడు. నెల్లాళ్ళు బట్టీపట్టిన వేషం రంగం మీదికి రాకుండానే పోయిందని బిక్కమొహం వేశాడు. ఏమైందని బాబాయిని అడిగాడు. బాబాయి కళ్ళు తుడుచుకుంటున్నాడు. ఆమే జవాబిచ్చింది. నాటకంలో ఉన్నది తన సంగతేనని, రేపు పొద్దున్నే తాను, బాబాయి, వంటావిడ ముగ్గురూ కాలేజీకి వెళ్ళి ఫిర్యాదు ఇస్తున్నామని చెప్పింది. బయటివాళ్ళకు ఆ మాట చెప్పడం అదే మొదలు, అయినా ఆగలేదు.

క్యాషియరు మెల్లగా గడ్డం ఊడదీశాడు.

"నన్నూ రానివ్వమ్మా. ప్రిన్సిపాలు ఎన్ని రకాలుగా తప్పించుకుంటాడో నాకు మొత్తం కంఠతా వచ్చు" అన్నాడు.