బావ పెంచిన వెలుతురు

పోయిన వారం మా వంటింట్లో లైటు కాలిపోతే నారాయణగూడలో కరెంటు సామాన్ల దుకాణానికి వెళ్లాను. ఎంత వెలుతురుది కావాలని దుకాణదారు అడిగాడు. కాలిపోయిన లైటును అటూ ఇటూ తిప్పి, దాని మీది అక్షరాలు చదవబోయాను. అతను కాసేపు చూసి, ఈ పెద్దమనిషితో తేలదనుకుని పక్కవాళ్ల వైపు తిరిగాడు. నాకు మా బావ గుర్తొచ్చాడు.

బావ అంటే మా అక్క భర్త. నీటిపారుదల ఆఫీసులో ముప్ఫై ఏళ్లు నక్షాలు గీసి రిటైరైనవాడు. వాళ్లు చిక్కడపల్లిలో ఉంటారు, నేను అశోక్‌నగర్‌లో. నడిస్తే పది నిమిషాల దూరం. దారిలో పుస్తకాల దుకాణాల ముందు పరీక్షలకు చదివే పిల్లలు గుంపులుగా నిలబడి ఉంటారు కాబట్టి పదిహేను. రిటైరైన కొత్తలో బావ ఊరికే కూర్చోలేక అక్క వంటింటి డబ్బాలన్నిటినీ ఎత్తు ప్రకారం సర్దేశాడు. పసుపు డబ్బా కోసం అక్క స్టూలెక్కాల్సి వచ్చింది. ఇలాగైతే లాభం లేదని, ఏదైనా అక్వేరియం పెట్టుకోమని ఆమే ఆయనకు దారి చూపింది.

ఆయన రెండడుగుల గాజు తొట్టి తెచ్చాడు. అందులో బొమ్మ కోటలు, నోరు తెరిచి బుడగలు వదిలే కప్పలు ఉండకూడదన్నాడు. అన్నీ బతికున్న మొక్కలే ఉండాలి. ముందు గ్రాఫు కాగితం మీద నక్షా గీశాడు, పైనుంచి చూస్తే ఎలా ఉంటుందో ఒకటి, ఎదురుగా చూస్తే ఎలా ఉంటుందో ఒకటి. అడుగున మట్టి, దాని మీద కడిగిన సన్నకంకర, వెనక ఎత్తుగా, ముందు పల్లంగా. అలా వాలు ఇస్తే చిన్న తొట్టి కూడా లోతుగా కనిపిస్తుందట. నేను పెద్ద రాయిని సరిగ్గా మధ్యలో పెట్టబోతే చెయ్యి పట్టుకున్నాడు. "నడిమిట్ల పెడితే సమాధి లెక్క ఉంటది. జర పక్కకు జరుపు." వెనక రిబ్బన్లలాంటి పొడుగాటి ఆకులు, ముందు పొట్టి గడ్డి నాటాడు. నల్లా నీళ్లు ఒక రోజు నిలవుంచాకే పోయాలని బాత్రూం నిండా బకెట్లు పెడితే, అక్క వాటి మధ్య ఒంటికాలి మీద స్నానం చేసేది. చివరికి నారింజ తోకల గప్పీ చేపలు ఎనిమిది వచ్చాయి. పైన ఒకే ఒక్క లైటు, రోజుకు ఏడు గంటలు. మొక్కలకు కూడా ఆఫీసు టైముండాలని ఆయన సిద్ధాంతం. ఆ వెలుతురు ఆకుల సందుల్లోంచి జారి కంకర మీద కదులుతుంటే, టీవీ కట్టేసి దాన్నే చూస్తూ కూర్చునేవాళ్లం.

కొన్ని నెలలకు రెండో లైటు వచ్చింది. తర్వాత మూడోది. ఏడు గంటలు పన్నెండయ్యాయి. గాజు మీద పచ్చగా నాచు పట్టింది, ఆకులకు వెంట్రుకల్లా వేలాడింది, చేపలు రాయి వెనక దాక్కోవడం మొదలుపెట్టాయి. నక్షాలో గీత వంకరపోతే కాగితం చించేసే మనిషి ఆ పాచిని ఎలా ఓర్చుకుంటున్నాడో అక్కకు అంతుపట్టలేదు. అడిగితే వెలుతురు చాలట్లేదు, అందుకే మొక్కలు పాడవుతున్నాయి అనేవాడట. చివరికి ఒకరోజు బావకు తొట్టి మొక్కలూ లైట్లూ అమ్మే దుకాణంవాడు దారిలో నన్ను పట్టుకున్నాడు. "అంత లైటేస్తే నాచు రాక ఏమొస్తది అన్న? సారుకు మూడుసార్లు చెప్పిన. ఇంకోటి కావాలంటుండు."

నేను ఆ సాయంత్రమే వాళ్లింటికి వెళ్లాను. బావ తొట్టి ముందు కుర్చీలో ఉన్నాడు. ఆ వెలుగుకు నా కళ్లు చికిలించుకున్నాయి, ఆయన మాత్రం రెప్ప వేయకుండా చూస్తున్నాడు. ఐదు చేపలు తిరుగుతున్నాయి. మూడు కుడి మూలన తేలి ఉన్నాయి. అందులో ఒకటి ఉబ్బి, తెల్లబడిపోయింది.

"చేపలెన్ని ఉన్నయి బావా?" అన్నాను.

"ఎనిమిది. నాకు తెల్వదా?"

"కుడి మూలకు చూడు."

ఆయన తల మొత్తం అటు తిప్పి, గాజుకు ముక్కు ఆనించి చాలాసేపు వెతికాడు. దొరికాక ముఖం పాలిపోయింది. "సచ్చి ఎన్నొద్దులైంది?" అని మెల్లగా అడిగాడు.

అప్పుడు నాకు సుల్తాన్ బజారు వైపు నుంచి ఆయన స్కూటరు వెనక కూర్చుని వచ్చిన రోజు గుర్తొచ్చింది. అప్పటికి మూడు నెలలైంది. కుడివైపు నుంచి వస్తున్న కొబ్బరిబోండాల బండి ఆయన కంటికి ఆననే లేదు. అది తగిలి బోండాలు రోడ్డంతా దొర్లాయి. ఇద్దరం ఏరుతూ నవ్వుకున్నాం. ఆ కథను నేను రెండు పెళ్లిళ్లలో చేతులు తిప్పుతూ చెప్పి అందరినీ నవ్వించాను. ఆ తర్వాత కూడా ఆయన అదే స్కూటరు మీద అక్కను కాచిగూడకు తీసుకెళ్తూనే ఉన్నాడు.

"మీ అక్కకు చెప్పకు" అన్నాడు బావ. "మా నాయినకు కండ్లు పోయినంక మంచం మీద కూసోబెట్టి ముద్దలు కలిపి పెట్టినం. మంచిగనే చూసుకున్నం. కాని ఏ ముచ్చట్ల గూడ ఆయన్ను అడగలే. నన్ను గట్ల చెయ్యొద్దు."

అక్క వంటింటి గుమ్మంలోనే ఉండటం ఇద్దరం చూడలేదు. ఆమె ఏడవలేదు, కోప్పడలేదు. వచ్చి రెండు లైట్లు ఆర్పింది. మేకుకు వేలాడుతున్న స్కూటరు తాళంచెవి తీసి కొంగున కట్టుకుంది. "రేపు దవాఖానకు పోదాం, ఆటోల" అంది. కొంచెం ఆగి, "ఏ దవాఖానకో మీరే చెప్పున్రి" అని చేర్చింది.

నీటికాసులని తేలింది. కంటి లోపల ఒత్తిడి పెరిగి, నొప్పైనా లేకుండా, అంచుల నుంచి చూపును కొరుక్కుంటూ వచ్చే జబ్బు. తండ్రికి ఉంటే పిల్లలకు వచ్చే అవకాశం ఎక్కువట. పోయినది రాదు, ఉన్నదాన్ని చుక్కల మందుతో కాపాడుకోవాలి అన్నాడు డాక్టరు. ఇంకొంచెం ముందు వచ్చి ఉంటే ఇంకొంచెం మిగిలేదని కూడా అన్నాడు. ఆ మాటకు బావ తలూపాడు. నేను గోడ మీద క్యాలెండరు చూస్తూ నిలబడ్డాను.

కుడికన్ను దాదాపుగా పోయింది. ఎడమకంటిలో నడుమ చూపు నిలిచింది. తొట్టి మీద మళ్లీ ఒకే లైటు, ఏడు గంటలు. నాచు తగ్గి మొక్కలు కొత్త ఆకులు వేశాయి. బావ మోచేతి వరకు చెయ్యి నీళ్లలో పెట్టి, ఆకులను వేళ్లతో తడిమి, ముదిరినవి తుంచుతాడు. ఏ మొక్క తియ్యాలో, ఏది ఎక్కడ నాటాలో ఇప్పటికీ అక్క ఆయన్నే అడుగుతుంది, తనకు తెలిసినా సరే. నేను వెళ్తే నాకూ ఓ కత్తెర ఇచ్చి పని చెబుతాడు. బోండాల బండి సంగతి మాత్రం ఆ తర్వాత మేం ముగ్గురం ఎన్నడూ ఎత్తలేదు. బోండాలు ఏరిన రోజుకూ చేపలు లెక్కపెట్టిన రోజుకూ మధ్య మూడు నెలలు ఉన్నాయని లెక్క కట్టుకున్నది నేనొక్కణ్నే. అవి ఎంత మామూలుగా, ఎంత హాయిగా గడిచిపోయాయో తలుచుకుంటే, ఇన్నేళ్ల తర్వాత కూడా మనసు కుదుటపడదు.