తలుపులున్న పదకొండు ఇండ్లు

పిలవకముందే వినేవాడికి, స్తంభంలో ఉండీ లోకమంతా కనిపెట్టేవాడికి, మా గుట్ట మీది లక్ష్మీనరసింహస్వామికి ముందుగా నమస్కారం. ఈ ఏడాది నా నోట మంచిమాట ఏదైనా వచ్చి ఉంటే అది ఆయన పలికించినది. రావలసి ఉండీ రాని మాటలు నావి.

ఏటా డిసెంబరు చివర మన భజన మండలి సంచికకు శాసనసభ సిబ్బంది గురించి నాలుగు మాటలు రాసిస్తున్నాను. ఎమ్మెల్యేలం మేము అరిచిన అరుపుల్లోంచి వాక్యాలు ఏరి రాసుకునే రిపోర్టర్లు, ఎప్పటిదో పాత జీవో అడిగితే దుమ్ము దులిపి తెచ్చే గ్రంథాలయం ఆయన, మేము చించి పారేసిన కాగితాలు వంగి ఏరే అమ్మలు... టీవీలో వీళ్లెవరూ కనిపించరు. ఈసారి కూడా వాళ్లకు దండం పెట్టడానికే కూర్చున్నాను. కానీ దండం పెట్టాలంటే ముందు నా తప్పు చెప్పుకోవాలి.

మా నియోజకవర్గంలో రిజర్వాయరు కింద మునిగే ఊరు ఒకటి ఉంది. నిర్వాసితుల జాబితా నా చేతికి వచ్చినప్పుడు అందులో ఊరి చివరి వాడ లేదు. పదకొండు కుటుంబాలు. ఎన్నికలప్పుడు ఆ వాడకు పోతే ఒక ముసలమ్మ అరుగు మీద నుంచి లేవకుండానే, "ఓట్లప్పుడే యాదికొస్తమా బిడ్డా? మాకు సుత తలుపులున్నయ్, ఏస్కుంటం పో" అన్నది. నా వెంట వచ్చినవాళ్లే నవ్వారు. ఆ నవ్వు నాలో ముల్లులా ఉండిపోయింది. వాడ పేరు జాబితాలోకి ఎక్కకపోవడం సర్వే చేసినవాళ్ల పొరపాటు. చూసి కూడా ఆ కచ్చతో నోరు మూసుకోవడం నేను చేసిన పని.

ఆషాఢంలో ఒకరోజు మిట్టమధ్యాహ్నం నేనొక్కణ్ణే అక్కడికి వెళ్లాను. ఎందుకు వెళ్లానో ఇప్పటికీ తెలియదు. కారు కట్ట మీద ఆపి దిగి నడిచాను. దిగువ చెలక పొలాల్లోకి అప్పటికే నీళ్లు వచ్చాయి. జాబితాలో ఉన్నవాళ్లు వెళ్లిపోతూ తలుపులు, దర్వాజలు, కిటికీలు పీక్కుని పోయారు. వీధి పొడుగునా మొండిగోడలు, గోడల్లో బొక్కలు. గాలి ఒక ఇంట్లోకి దూరి పదో ఇంట్లోంచి బయటికి వస్తోంది. ఒక్క కుక్క లేదు. చివర ఆ పదకొండు ఇండ్లకే తలుపులున్నాయి.

ఆ ముసలమ్మ అరుగు మీద చాటలో బియ్యం ఏరుతోంది. తల ఎత్తబోతే నేను మొండిగోడ చాటుకు జరిగాను. కిటికీ బొక్కలోంచి చూశాను. ఆమె ఎవరికో జాగా ఇస్తున్నట్టు పక్కకు జరిగింది. లోపలికి వెళ్లి చెంబుతో నీళ్లు తెచ్చి ఆ ఖాళీ జాగా ముందు పెట్టింది. అక్కడ ఎవరూ లేరు. ఆమె మాత్రం ఒక్కొక్క ఇంటి వైపు చెయ్యి చూపిస్తూ నెమ్మదిగా ఏదో చెబుతోంది. ఎవరికీ కనిపించకుండా వెనక్కి వచ్చాను. అక్కడికి వెళ్లిన సంగతి ఇంట్లో కూడా చెప్పలేదు.

మనిషి చేసిన పనికి సూర్యుడు, గాలి, నీరు, నేల, లోపలి మనసు సాక్షులని శనివారం సత్సంగంలో నేనే ఎన్నోసార్లు చెప్పాను. చెప్పినన్నాళ్లూ అది ఎదుటివాళ్ల కోసం అనుకున్నాను.

సభలో ప్రశ్న అడగాలంటే ముందుగా ఒక ఫారం నింపి, సంతకం పెట్టి ప్రశ్నల విభాగంలో ఇవ్వాలి. నాలాంటి వాళ్లకు ఒక చెడ్డ అలవాటు ఉంటుంది. ఖాళీ ఫారాల మీద వరుసగా సంతకాలు గీకి పీఏ బల్ల మీద పడేసి పోతాము. ఆ తర్వాత పీఏ నింపుకుంటాడు. వానాకాలం సమావేశాలు మొదలైన వారానికి అచ్చయిన ప్రశ్నల పట్టికలో నా పేరు కింద ఆ ఊరి ప్రశ్న కనిపించింది. జాబితాలో పదకొండు కుటుంబాలను ఎందుకు వదిలేశారు అని.

పీఏను పిలిచాను. వాడు స్వామి పటం మీద ఒట్టేసి, తనకు తెలియదన్నాడు. ప్రశ్నల విభాగానికి వెళ్లాను. అక్కడి ఉద్యోగిని అసలు ఫారం తీసి నా ముందు పెట్టింది. గుండ్రటి అక్షరాలు, కాగితం వెనక వేలికి తగిలేంత గట్టిగా వత్తి రాసినవి. మా దగ్గర అలా రాసేవాళ్లెవరూ లేరు. అచ్చులో సరిచేశారు గానీ ఫారంలో ఉన్న మాట వేరు. "తలుపులున్న పదకొండు ఇండ్ల వారిని ఎందుకు వదిలేశారు?" అని ఉంది. తలుపుల సంగతి నేను ఎవరికీ చెప్పలేదు.

ఇది ఎవరు ఇచ్చారని అడిగాను.

"పొద్దున వచ్చేసరికి ట్రేల ఉండె సార్. సంతకం మీదే కద. మీ సంతకాన్ని మీరే నమ్మకపోతే ఇగ మా కొలువులెట్ల సార్?" అని ఆమె నవ్వింది. నాకు నవ్వు రాలేదు.

ప్రశ్న వచ్చే రోజు పొద్దున ప్రభుత్వ జవాబు ప్రతి నా బల్ల మీదికి వచ్చింది. జాబితా పూర్తయింది, వదిలేసిన కుటుంబాలు లేవు అని. సభలో నా ప్రశ్న నంబరు పిలిచినప్పుడు నేను లేచి ఎదురు ప్రశ్న వేయకపోతే ఆ జవాబే రికార్డులో నిలుస్తుంది. అంటే ఆ పదకొండు ఇండ్లు లేనట్టే. వానలు ముదిరితే నీళ్లు వాటి గడపల్లోకి వస్తాయి. ఇవన్నీ తెలిసే నేను సభలోంచి లేచి లాబీలోకి వెళ్లి చాయ్ తెప్పించుకున్నాను. నేను లేకపోతే నా నంబరు దాటిపోతుంది. ఎవరూ నన్ను తప్పు పట్టరు.

లాబీలో చాయ్ ఇచ్చే పెద్దాయన కల్వకుర్తి దిక్కువాడు. చాలా ఏళ్లుగా చూస్తున్నా నాతో 'దండం సార్' తప్ప మాట్లాడినవాడు కాదు. ఆ రోజు కప్పు నా చేతికివ్వకుండా పట్టుకుని నిలబడ్డాడు.

"సార్, మీ నంబరు వస్తాంది."

తాగి వెళ్తానన్నాను.

"చాయ్ సల్లారితే ఇంకోటి తెస్త సార్. గా నంబరు మళ్ల రాదు."

ఆయన ముఖంలోకి చూశాను. కోపం లేదు, జాలి లేదు. తలుపు తెరిచి పట్టుకున్నాడు, అంతే. నా కాళ్లు నడిచాయి. నేను కుర్చీ చేరడం, నా నంబరు పిలవడం ఒకేసారి జరిగాయి. లేచి నిలబడ్డాను. జవాబు తప్పని, ఆ వాడను నా కళ్లతో చూశానని చెప్పాను. మంత్రిగారు కొంచెంసేపు కాగితాలు తిరగేసి, మళ్లీ సర్వే చేయిస్తామన్నారు. చేయించారు కూడా. దసరాకు ముందే పదకొండు కుటుంబాలకూ పునరావాస కాలనీలో జాగాలు వచ్చాయి.

వాళ్లు సామాను ఎత్తే రోజు నేను వెళ్లాను. ముసలమ్మ నా రెండు చేతులూ పట్టుకుంది. నేను క్షమించమని అడగబోయాను. ఆమె అడగనివ్వలేదు.

"నువ్వే కద బిడ్డా, గా ఆషాఢంల మా అరుగు మీద కూసోని అందరి పేర్లు రాస్కున్నది. నీళ్లు తాగినవ్. ఒక్క మాట సుత మాట్లాడకపోతివి."

నేనే వచ్చానా, సరిగా చూశావా అని అడిగాను.

"కండ్లు పోయినయా నాకు? నువ్వే. గీ ముఖమే" అన్నది.

ఆ మధ్యాహ్నం ఆమె ముందున్న జాగా ఖాళీగా ఉండడం నేను చూశాను. ఆ మాట ఆమెకు చెప్పలేకపోయాను. కొత్త కాలనీలో వాళ్లు ఈరోజుకీ నా పేరు చెప్పి దీపం పెడుతున్నారట. అది తలచుకుంటే నాకు అన్నం సహించదు. అందుకే ఇది రాస్తున్నాను. ఆ దీపం నాకు చెందదు.

ఈ నెలలో ప్రశ్నల విభాగంలో ఒక్కొక్కరినీ, పీఏను, రిపోర్టర్లను, కాగితాలు ఏరే అమ్మలను అడిగాను. ఎవరూ ఒప్పుకోలేదు. చాయ్ పెద్దాయన అయితే, "నాకు రాయరాదు సార్, వేలిముద్ర" అన్నాడు. వాళ్లలో ఒకరు రాసి దాచుకున్నారేమో. వాళ్ల చేతిని వాడుకుని స్వామే రాశాడేమో. ఎవరికని దండం పెట్టాలో తెలియదు కాబట్టి అందరికీ పెడుతున్నాను.

చదువుతున్న మీరు కూడా చేతులు జోడించండి. స్వామీ, నీకు తెలిసిన ఆ చేతిని చల్లగా చూడు. ఆ సభలో తలుపు పట్టుకునేవాళ్లను, రాసేవాళ్లను, ఊడ్చేవాళ్లను, వాళ్ల పిల్లాపాపలను కాపాడు. మేము మూసుకున్న నోళ్లను నువ్వే తెరిపించు. నాతో పాటు అనండి: నారసింహా, గోవిందా, శరణు.