కెజియాకి పాడని మహిమ గీతం

ఒకప్పుడు ఇంగ్లాండులోని మా యార్క్‌షైర్ కొండల్లో, దేవుణ్ణి కీర్తించే ఆ మహిమ గీతం రాని ఇల్లు లేదు. దేశాలు పట్టుకు తిరిగిన రోజుల్లో నేను దాన్ని రేవు సత్రాల్లో విన్నాను, గనుల ఊళ్ళలో విన్నాను, ఒకసారి ఓడ మీద కూడా విన్నాను. ఎక్కడ విన్నా జనం లేచి నిలబడేవారు. వియన్నా మహాస్వరకర్త కట్టిన పూజాసంగీతంలోదని అందరి నమ్మకం. రోము పోపు పేరెత్తితే ముఖం చిట్లించే మా ప్రొటెస్టంట్ ప్రార్థన మందిరం వాళ్ళు సైతం ఆ కతోలిక పాటను సొంత ఆస్తిలా పాడుకునేవారు. ఎటో పోతున్నాను, చెప్పవలసింది జేబెజ్ థ్యూలిస్ గురించి.

జేబెజ్‌ది ఉన్ని మిల్లులో రకాలు ఏరే పని. సాయంత్రాలు మా గాయకబృందానికి నాయకుడు. తల్లి పోయాక అక్క కెజియా పెంచింది. రొట్టెల పిండి పిసుకుతూ ఆ గీతం నేర్పిందీ ఆవిడే. బృందంలో ఎవరు పోయినా మిగతావాళ్ళు గోతి చుట్టూ నిలబడి దాన్ని పాడి సాగనంపడం మా ఆచారం. చేతిలో కాగితం ఉండకూడదు. చూసి పాడితే పోయిన మనిషిని ఎరగనట్టే.

ఆ వసంతంలో లీడ్స్ నుంచి ఒక సంగీతాచార్యుడు మా సాధన వినడానికి వచ్చాడు. టీ తాగుతూ నవ్వాడు.

"ఈ మహిమ గీతం ఆ మహాస్వరకర్తది కాదండీ. ఎవరు రాశారో తెలీదు. అచ్చువాళ్ళు ఆయన పేరు తగిలించి అమ్ముకున్నారు. మీరింకా పాడుతున్నారా?"

జేబెజ్ చెవులు ఎర్రబడ్డాయి. వేళ్ళతో తడిమి నాసిరకం ఉన్ని పట్టేసే తను ఇన్నేళ్ళూ నాసిరకాన్నే నెత్తిన పెట్టుకున్నానని కుంగిపోయాడు. మర్నాడే ఆ పుస్తకాలు అటకెక్కాయి.

మంచాన పడ్డ కెజియాకి సంగతి తెలిసింది.

"ఏరా, పాటని అటకెక్కించావటగా?"

"అది దొంగ పాటక్కా. నలుగురిలో తల కొట్టేసినట్టయింది."

"తండ్రెవరో తెలీదని గెంటేస్తావా? ఆ లెక్కన మన వీధిలో సగం ఇళ్ళు ఖాళీ చెయ్యాలి. నన్ను మాత్రం దాంతోనే పంపించు."

"అలాగే అక్కా," అన్నాడు.

ఆకులు రాలే కాలంలో ఆవిడ పోయింది. అంత్యక్రియలకు వస్తున్నానని ఆచార్యుడు కబురు చేశాడు. ఆ ఉదయం జేబెజ్ అందరికీ వేరే పాట కాగితాలు పంచాడు.

బృందంలో మంద్రస్థాయి పాడే సెథ్ తన కాగితం తిప్పి చూశాడు. "కాగితాలేంటి? కెజియా మనకి తెలీదా?"

"ఇది అచ్చంగా మహాస్వరకర్తదే. అక్కకి మంచిదే పాడదాం."

గోతి దగ్గర వాన అందుకుంది. కాగితాలు తడిసి ఒకదానికొకటి అంటుకున్నాయి. ముందు ఆడగొంతులు ఆగాయి, వాటి వెనకే మగగొంతులు. శవపేటిక మీద చినుకుల చప్పుడు తప్ప ఏమీ లేదు.

అప్పుడు శ్మశానం గోడ పక్కన శాలువలు కప్పుకుని నిలబడ్డ మిల్లు ఆడవాళ్ళు మహిమ గీతం ఎత్తుకున్నారు. బృందమంతా కలిసింది. జేబెజ్ చెయ్యి గాలిలోనే ఉంది. ఎవరూ దాన్ని చూడటం లేదు. అతను గోడ వైపు చూశాడు. ఆచార్యుడు టోపీ తీసి, వానకి కళ్ళు మూసుకుని, ఒక్క మాట తడబడకుండా వాళ్ళతో పాడుతున్నాడు.

జేబెజ్ నోరు తెరిచాడు. మళ్ళీ మూసి, తడిసిన కాగితాన్ని ఉండచుట్టి జేబులో పెట్టుకున్నాడు.

తిరిగి వస్తుంటే సెథ్ అడిగాడు: "నువ్వు పాడలేదేం, నాయకుడా?"

జేబెజ్ తాళం చూపే నాయకుడి కర్ర అతని చేతిలో పెట్టి, తల దించుకుని ముందుకు నడిచాడు. తర్వాత చాలా ఏళ్ళు చివరి వరసలో నిలబడి అన్నీ పాడాడు. మహిమ గీతం వచ్చినప్పుడు మాత్రం బయటికి వెళ్ళి, గోడ పక్కన నిలబడేవాడు.