ఒకే టెంటులో రెండు పెళ్ళిళ్ళు

పెళ్ళిళ్ళు చేయించడం ఒక వృత్తి అని ఆ రోజుల్లో ఎవరైనా అంటే నవ్వేదాన్ని. సరోజినీ నగర్ క్వార్టర్లలో తెలుగువాళ్ళ ఇంట శుభకార్యమంటే పులిహోర కలపడానికి నన్ను పిలిచేవారు. తర్వాత పురోహితుణ్ణి చూడమన్నారు, అరటి బోదెలు తెప్పించమన్నారు. తొంభైల మొదట్లో ఒక పెళ్ళి మొత్తం నా నెత్తిన పెట్టారు. పెట్టింది మా ఆయన సెక్షనుకు పెద్దయిన ఆఫీసరుగారి భార్య. ఆమె కూతురి పెళ్ళి. అది చెడితే నన్ను మళ్ళీ ఎవరూ పిలవరు, అది సరే. మా ఆయన మాత్రం రోజూ ఆ ఆఫీసరు ముందు నిలబడాలి.

నాకప్పటికి చదువు రాదు. ముహూర్తం పురోహితుడు చెప్పినట్టే నోటికి పట్టుకున్నాను: మాఘ బహుళ పంచమి, పొద్దున. ఘాజియాబాద్‌లో టెంటు సామాను ఇచ్చే ముసలాయన కూడా తారీఖుల మనిషి కాదు, తిథుల మనిషి. "మాఘం, చీకటి పక్షం, పంచమి" అన్నాను నాకొచ్చిన హిందీలో. "అచ్ఛా దీదీ, మాఘ్ కృష్ణ పంచమీ. పక్కా" అన్నాడు. ఒకళ్ళ మాట ఒకళ్ళకు అర్థమైందని ఇద్దరం సంబరపడ్డాం.

పెళ్ళికి ఇంకా నెల ఉందనగా ఒక పొద్దున మా క్వార్టర్ల ముందు పార్కులో బొంగులు దించుతున్న చప్పుడు వినబడింది. శాలువా కప్పుకుని పరుగెత్తాను.

"ఏమిటి భయ్యా ఇది?"

"రేపు పెళ్ళి కదా దీదీ. వంటవాళ్ళేరి? పొయ్యి కూడా పెట్టలేదే?"

"పెళ్ళి వచ్చే నెల!"

"మాఘ్ కృష్ణ పంచమీ అన్నది నువ్వా, నేనా?"

మనకు నెల అమావాస్యతో ముగుస్తుంది, ఇక్కడి హిందీవాళ్ళకు పున్నమితో ముగుస్తుంది. వెన్నెల పక్షంలో రెండు పంచాంగాలూ కలుస్తాయి. చీకటి పక్షం వచ్చేసరికి మనం మాఘం అంటుంటే వాళ్ళు అప్పటికే ఫాల్గుణం అంటుంటారు. వాళ్ళ మాఘంలో చీకటి పంచమి మనకంటే నెల ముందే వచ్చిపోతుంది. ఢిల్లీలో ఇన్నేళ్ళున్నా ఈ సంగతి నాకు తెలియదు. మన లెక్క వేరని ఆయనకు ఎవరు చెబుతారు?

"సరే, వచ్చే నెల అదే పంచమికి రా."

"ఆ రోజు సామానంతా ఇంకో పెళ్ళికి పోతోంది. వేరే చోట చూసుకో."

చూశాను. లక్ష్మీ నగర్ దాకా బస్సులు మారి తిరిగాను. పెళ్ళిళ్ళ రోజులు, ఎక్కడడిగినా తల అడ్డంగా ఊపారు. ఇంటికొస్తే మా ఆయన అన్నం ముందు కూర్చుని కలపకుండా చూసేవాడు. "సార్ ఇవాళ అడిగారు, టెంటు కుదిరిందా అని. కుదిరిందన్నాను. ఇంకేం చెయ్యను?" అన్నాడు.

చివరికి మళ్ళీ ఆ ముసలాయన దగ్గరికే వెళ్ళాను. ఏం అడగాలో తెలియక అడిగాను.

"ఆ రోజు నీ పెళ్ళి ఎన్నింటికి?"

"బారాత్ వచ్చేసరికి చీకటి పడుతుంది."

"టెంటు ఎప్పుడు వేస్తావు?"

"ముందు రోజే."

"అంటే పొద్దుటంతా ఖాళీగా ఉంటుందా?"

ఆయన బీడీ ఆర్పి నా వైపు చూశాడు. "దీదీ, నీకు పిచ్చా?"

ఆ సాయంత్రం పెళ్ళివారు పంజాబీలు, ఘాజియాబాద్‌లోనే ఉంటారు. పెళ్ళికూతురి తండ్రి దగ్గరికి ఇద్దరం కలిసే వెళ్ళాం. "పొద్దున్నే పెళ్ళా? మావాళ్ళు అప్పటికి పళ్ళు కూడా తోముకోరు" అని ఆయన పగలబడి నవ్వాడు. నాకు నవ్వు రాలేదు. లోపలి నుంచి ఆయన తల్లి వచ్చి, ఒక పందిట్లో ఇద్దరు ఆడపిల్లలకు పెళ్ళయితే మంచిదేనంది. ఒకటే షరతు: మధ్యాహ్నం పూలవాళ్ళు వచ్చేసరికి స్థలం ఖాళీగా ఉండాలి.

ఇక ఆఫీసరుగారి భార్య.

"ఘాజియాబాదా? వేరేవాళ్ళ పందిట్లోనా? ఏమ్మా, మా అమ్మాయి ఏమన్నా అనాథ అనుకున్నావా?"

"వేరే దారి లేదండీ. ఉంటే మీ గుమ్మం ఎక్కేదాన్నా?"

శుభలేఖలు ఇంకా అచ్చుకివ్వలేదు, అంతవరకూ అదృష్టం. "ఆలస్యమైతే మీ ఆయన్ని అడుగుతాను" అంది చివరికి.

పెళ్ళినాడు పొగమంచు. మగపెళ్ళివారి బస్సు యమున దాటిందో లేదో తెలియదు. పురోహితుడు గౌరీపూజ చేయిస్తూ నా వైపు చూస్తున్నాడు, నేను రోడ్డు వైపు చూస్తున్నాను. బస్సు వచ్చింది. పెళ్ళికొడుకును నడిపించలేదు, దాదాపు ఈడ్చుకొచ్చాం. జీలకర్ర బెల్లం ముహూర్తానికే పడింది. కానీ నాకు అసలు భయం భోజనాల దగ్గర. మనవాళ్ళు పెరుగు దాకా వచ్చి, మళ్ళీ పప్పు అడుగుతారు. పూలవాళ్ళు బుట్టలతో గేటు దగ్గర నిలబడ్డారు. ముసలాయన నాకు గడియారం చూపించాడు. నేనే గరిటె పట్టుకున్నాను. "ఇంకొంచెం వడ్డించనా బాబాయిగారూ?" అనాల్సిన దాన్ని "చేతులు కడుక్కోడానికి నీళ్ళు అటున్నాయండీ" అన్నాను. ఒక పెద్దాయన విస్తరి ముందు అలాగే కూర్చుని, "ఏమ్మా, తరిమేస్తున్నావా?" అన్నాడు. అవునన్నాను.

అప్పగింతలు టెంటు బయట, బస్సు పక్కన జరిగాయి. పెళ్ళికూతురి తల్లి ఏడుస్తూనే నా చెయ్యి ఒకసారి నొక్కింది. తిట్టడానికో మెచ్చుకోడానికో నాకు తెలియలేదు. వెనక మా అరటి బోదెలు పీకి, వాళ్ళ బంతిపూలు కడుతున్నారు.

మర్నాడు మా ఆయన ఆఫీసు నుంచి వచ్చి, అన్నం కలుపుకుని తిన్నాడు. నాకు అది చాలు.

పై ఏడు ముసలాయనే కబురు పెట్టాడు: "దీదీ, పొద్దుటి పెళ్ళిళ్ళేమన్నా ఉన్నాయా? టెంట్లు ఖాళీగా ఎండుతున్నాయి." నా పని అక్కడి నుంచి పెరిగింది. నలభై దాటాక అక్షరాలు నేర్చుకున్నాను, అందులోనూ ముందు ఇంగ్లీషు నెలల పేర్లు. ఇప్పుడు నన్ను పెళ్ళిళ్ళకు పిలిచి బంతిలో కూర్చోబెడతారు. కూర్చుంటాను గానీ, పప్పు రెండోసారి అడగను. కళ్ళు గేటు వైపే ఉంటాయి.